తప్పు కూడు

చిన్నప్పుడు మా ఊళ్ళో ఎవరైనా గట్టిగా పోట్లాడుకుంటే పెద్దవాళ్ళు తలలు పట్టుకునేవారు గానీ, పిల్లలకు మాత్రం నోట్లో నీళ్ళూరేవి. తగువు ముదిరి పంచాయితీ దాకా వెళ్తే, తప్పు చేసినవాడు ఊరందరికీ భోజనం పెట్టాలి. దాన్ని తప్పు కూడు అంటారు. మేక మాంసం, అడ్డాకు విస్తళ్ళలో వేడి అన్నం, పెద్దవాళ్ళకు ఇప్పసారా. పండగ ఎప్పుడొస్తుందో ముందే తెలుస్తుంది. తగువు అలా కాదు, చెప్పాపెట్టకుండా వస్తుంది. అందుకే దానిమీద మాకు ఆశ ఎక్కువ. ఎవరి గొంతు లేచినా పరిగెత్తుకెళ్ళి, అది పంచాయితీ దాకా పోయే తగువా, మధ్యలోనే చప్పబడే తగువా అని లెక్కలు వేసేవాళ్ళం.

మా ఊరు దోర్నపాల్ నుంచి కోంట వెళ్ళే రోడ్డుకు లోపలగా, శబరి ఏటికి దగ్గర్లో ఉంటుంది. ఇంట్లో తెలుగు, పక్కింటితో దోర్లీ, సంతలో హల్బీ, ఆఫీసుల్లో హిందీ. ఏ భాషలో తిట్టుకున్నా రాజీ మాత్రం అన్నం దగ్గరే. దానికో కట్టుబాటు ఉంది. తప్పు చేసినవాడు స్వయంగా, నష్టపోయినవాడి విస్తట్లో వడ్డించాలి. నష్టపోయినవాడు మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా ఊళ్ళో ఎవరూ అన్నం ముట్టకూడదు. ముద్ద లోపలికి పోయిందంటే తగువు అక్కడితో సరి. ఆ తర్వాత ఎవరైనా దాని ఊసెత్తితే, ఎత్తినవాడిదే తప్పవుతుంది.

నాకు బాగా గుర్తున్న తప్పు కూడు ఒక కోడిపుంజుది. నాకు అత్త వరసయ్యే ఒకావిడ పుంజును ఆవిడ తోడికోడలే గుట్టుగా కోసుకు తినేసింది. పంచాయితీ అయింది, వంటలు అయ్యాయి, ఊరంతా వరసగా కూర్చుంది. మా అత్త మాత్రం ముద్ద ఎత్తదు. విస్తరి ముందు కూర్చుని ఆ పుంజు అందచందాలు, కూత, నడక అన్నీ వర్ణించుకుంటూ ఏడవడం మొదలుపెట్టింది. అన్నం చల్లారిపోతోంది. కడుపులు కాలిపోతున్నా ఒక్కరూ కదల్లేదు, "ఇంక చాలు" అనలేదు. ఏడుపంతా అయ్యాక ఆవిడ ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, "కూరల ఉప్పు తక్కువైంది" అంది. తోడికోడలు పరుగున వెళ్ళి ఉప్పు తెచ్చింది. ఊరు పగలబడి నవ్వింది. అంత రుచైన కూర నేను మళ్ళీ తినలేదు.

తర్వాత నన్ను బచేలీకి ఇచ్చారు. మా ఆయన గనిలో ఉద్యోగి, వాళ్ళది విజయనగరం వైపు. కంపెనీ క్వార్టర్లలో అన్నీ ఉన్నాయి, కుళాయి నీళ్ళతో సహా. లేనిదల్లా మా ఊరి మాట. నా "ఏంది"కి వాళ్ళు నవ్వేవారు, వాళ్ళ "ఏటి"కి నేను నవ్వేదాన్ని. ఇక్కడ పక్కింటివాళ్ళతో గొడవైతే మాట్లాడ్డం మానేస్తారు. బదిలీ అయ్యేదాకా ఎదురుపడి తలలు తిప్పుకుంటారు. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పుకునే అవకాశమే రాదు. అది చూసినప్పుడల్లా మా ఊరి మీద బెంగ పుట్టేది. మా వాళ్ళు ఎంత తెలివైనవాళ్ళో అని మురిసిపోయేదాన్ని. మా తమ్ముడికి దెబ్బ తగిలేదాకా మురిశాను.

తమ్ముడి చేనుకు, వాడి స్నేహితుడి చేనుకు మధ్య గట్టు మీద ఒక జీలుగు చెట్టు ఉంది. హల్బీ వాళ్ళు సల్ఫీ అంటారు. తాటిచెట్టులా దాన్నీ గీసి కల్లు దించుతారు. ఆ చెట్టు ఇద్దరిదీ. పొద్దున ఒకడు ఎక్కితే సాయంత్రం ఇంకొకడు. చిన్నప్పటినుంచీ ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు, రక్తసంబంధం ఏమీ లేకపోయినా. మా అమ్మ అతనికి అత్త, నేను వదిన. నేను పుట్టింటికి వెళ్తే చాలు, సొరబుర్ర నిండా కల్లు పట్టుకుని వచ్చేవాడు. "గని నీళ్ళు తాగి తాగి నీకు రుచి తెల్వకుండ పోయింది వదినా, నువ్వొద్దులే" అని ఏడిపించి, సగం తనే తాగేసేవాడు. ఆ సాయంత్రాలు తలుచుకుంటే ఇప్పటికీ ఆ పులుపు నాలుక మీదికి వస్తుంది.

ఒక పొద్దున అతను చెట్టెక్కేసరికి కుండ ఖాళీగా ఉంది. తన వంతు కల్లు తమ్ముడే ముందుగా దించుకున్నాడనుకున్నాడు. తమ్ముడు కాదన్నాడు. మాటా మాటా పెరిగింది. అతని చేతిలో గొడ్డలి ఉంది. తిరగేసి కొట్టాడు, అది ఒక్కటే అదృష్టం. తల కాచుకోబోయిన తమ్ముడి కుడిచెయ్యి నలిగిపోయింది. ఆ కల్లు ఎవరు తాగారో ఈ రోజుకీ తెలియదు. మరో మనిషో, రాత్రిపూట చెట్టెక్కి కల్లు తాగే మానుపిల్లో.

భద్రాచలం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కొట్లాట దెబ్బ కాబట్టి అక్కడినుంచి కబురు పోలీసులకు వెళ్ళింది. మావాళ్ళు ఫిర్యాదు ఇచ్చారో లేదో గానీ కేసు మాత్రం అయింది. ఎముకలు అతికాయి. వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి. ఆ చేత్తో తమ్ముడు కొడవలి పట్టలేడు, చెట్టెక్కలేడు, చొక్కా గుండీ పెట్టుకోలేడు.

అతను బెయిలు మీద బయటికొచ్చాడో లేదో, ఊరు తప్పు కూడు మాట ఎత్తింది. ఊళ్ళో రాజీ అయితే కోర్టులోనూ ఇద్దరూ రాజీ అని చెప్పేయొచ్చు, కేసు కొట్టేస్తారు, పీడా పోతుంది. అందరిదీ అదే మాట. దోర్నపాల్ సంతకు వెళ్తే టీ కొట్టు దగ్గర కూడా అదే మాట. మా పటేల్, అంటే ఊరి పెద్ద, నాకు ఫోన్ చేసి మరీ చెప్పాడు.

"ఏంది బిడ్డా, నీ తమ్మునికి నువ్వన్నా చెప్పాలె గదా. సుక్మా కోర్టు దాక తిరిగితే ఏమొస్తది? బస్సు కిరాయిలు పోతయ్. ఊర్ల కూసొని తింటే అయిపాయె."

"చెయ్యి పోయింది వాడిది, పెద్దాయనా."

"పోయింది. జైలుకు పంపితే వస్తదా?"

ఒళ్ళు మండి ఫోన్ పెట్టేశాను.

క్వార్టర్లలో గాలి పూర్తిగా ఎదురు దిక్కుకు వీచేది. పక్కింటి పెద్దావిడ పప్పు బాగుచేస్తూ నన్ను నిలదీసింది. "ఓ పూట మాంసం కూడెడితే సెయ్యిరగ్గొట్టిన తప్పు పోద్దేటమ్మా? అలగైతే రేపు నానూ ఓ మేకని కొని మా తోడికోడల్ని కొట్టేత్తాను." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ మా ఊరి మర్యాదను అంగట్లో పెట్టినట్టు అనిపించింది. మా ఆయన మాత్రం, రాజీ అంటే నష్టపోయినవాడు ఇంకోసారి నష్టపోవడమే అని తేల్చేశాడు. ఆయనకు ఏ విషయమైనా డ్యూటీకి వెళ్ళేలోపు తేలిపోవాలి.

ఉన్నమాట చెప్పాలంటే నాక్కూడా అతను జైలుకెళ్ళాలనే ఉండేది. కల్లు తెచ్చి ఏడిపించిన మనిషే కదా అని గుర్తొచ్చినప్పుడల్లా కోపం ఇంకా పెరిగేది. పరాయివాడు కొట్టి ఉంటే ఇంత మండేది కాదు. మా అమ్మది ఇంకో బాధ. "రేపు నేను సస్తే పాడె మోసేటోళ్ళు ఈ నలుగురే గదా బిడ్డా. వాళ్ళను కాదనుకొని యాడ బతకాలె?" అనేది. అతని తల్లి రోజూ వచ్చి మా గడపలో కూర్చుని వెళ్తోందట. అమ్మ మంచినీళ్ళిస్తే తాగి లేస్తుంది.

నేను వెళ్ళి తమ్ముణ్ణి అడిగాను, నీకేం కావాలని.

"తెల్వదక్కా. అందరొచ్చి చెప్తున్నరు. నన్ను అడిగింది నువ్వే. అడిగితే తెల్వట్లే."

"వద్దనిపిస్తే వద్దని చెప్పరా."

"చెప్తే అమ్మ ఈ ఊర్ల ఎట్ల ఉంటది?"

అలా ఒప్పుకున్నాడు. అది ఒప్పుకోవడమంటే నాకు నమ్మకం కుదరలేదు. అయినా ఊరికి అంతే చాలు. మంచి రోజు చూశారు. సంత రోజు కాకుండా చూశారు, లేకపోతే జనం రారని. మేక ఏ వయసుది ఉండాలి, ఎవరు ఏ పక్క కూర్చోవాలి, దగ్గర్లోని పోలీసు క్యాంపు వాళ్ళకు ముందుగా చెప్పాలా వద్దా, అన్నీ పెద్దమనుషులు చర్చించారు. మా పటేల్ ఏ పనైనా పూర్తిగా చేస్తాడని పేరు.

ఆ మధ్యాహ్నం పటేల్ ఇంటి ముందు పందిరి వేశారు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ వాసన తగిలేసరికి, కోపం పక్కన పెట్టి నా ముక్కు చిన్నతనానికి పారిపోయింది. పొయ్యి మీద ఉడికే మాంసం, పచ్చి అడ్డాకు, పొగ. ఈ మధ్య తప్పు కూళ్ళు బాగా తగ్గిపోయాయట. కుర్రాళ్ళు మోటారు సైకిలెక్కి నేరుగా ఠాణాకే పోతున్నారట. అందుకే పక్క పల్లెల నుంచి కూడా చుట్టాలు వచ్చారు. ముసలమ్మలు నా బుగ్గలు పుణికి, పిల్లలెంతమంది అని అడిగారు. మా తమ్ముడి చెయ్యి గురించి ఎవరూ అడగలేదు. ఇంకాసేపట్లో అది అడగకూడని విషయం కాబోతోంది కదా.

తమ్ముడు వరస మొదట్లో కూర్చున్నాడు. వాడి స్నేహితుడు చిక్కిపోయి ఉన్నాడు. వంగి విస్తట్లో అన్నం పెట్టాడు, కూర పోశాడు, ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. పటేల్ నాలుగు మాటలు చెప్పాడు. అందరూ విస్తళ్ళ మీదికి వంగారు. ఇక ముద్ద ఎత్తడమే.

తమ్ముడు కుడిచెయ్యి అన్నంలో పెట్టాడు. పెట్టి అలాగే ఉంచాడు. వేళ్ళు ముడుచుకుంటే కదా అన్నం చేతిలోకి వచ్చేది. తోస్తున్నాడు, మెతుకులు వేళ్ళ సందుల్లోంచి జారిపోతున్నాయి. ఇంట్లో ఎడంచేత్తో స్పూను పట్టుకుని గోడవైపు తిరిగి తింటున్నాడని అమ్మకు తెలుసు. అమ్మకు కూడా ఇది తట్టలేదు. మేక వయసు దాకా ఆలోచించిన ఊళ్ళో, ఆ చెయ్యి అన్నం ఎత్తగలదా అని ఒక్కరికీ తట్టలేదు.

"ఎడమ చేత్తోని తిను బిడ్డా, ఏం గాదు" అన్నాడు పటేల్.

"పంచాయితీ కూడు ఎడమ చేత్తోనా?" అంది ఒక ముసలమ్మ.

అమ్మ లేచి కలిపి పెడతానని వంగింది. "నేనేమన్న పసిపోరన్నా?" అని తమ్ముడు మొహం తిప్పుకున్నాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు ఆ పందిరి పీకి పారేయాలనిపించింది.

వరసలో వెనకాలనుంచి ఎవరో దారి చూపించారు. "ముట్టుకున్నడు గదా. ముట్టుకుంటే తిన్నట్టే." నలుగురూ అవునవునన్నారు. ఆకలి మీద ఉన్నారు పాపం. పటేల్ కూడా ఊపిరి పీల్చుకుని, "సరే, తిన్నట్టే, అయిపాయె" అని తన విస్తట్లో చెయ్యి పెట్టబోయాడు. పుంజు కోసం ఏడ్చిన మా అత్తకు ఓపిక పట్టిన ఊరు ఇదేనా అనుకున్నాను. గొంతు దాకా వచ్చిన మాట నేను అనేలోపే అతను అన్నాడు, ఆ కొట్టినవాడు.

"తినలే. బావ తినలే. ఎవ్వరు ముట్టొద్దు."

పటేల్ చెయ్యి ఆగిపోయింది.

"ఏందిరా నీ లొల్లి? నీ మంచికే గదా?"

"నా మంచికే పెద్దాయనా. బావ చెయ్యి లేవట్లే. లేవంది అయిపాయె అంటే ఎట్లయితది? కేసు నడవనీ. జైలుకు పంపితే పోత." అని లేచి, తమ్ముడి ముందున్న విస్తరి రెండు చేతులా ఎత్తి తీసేశాడు.

ఆ తర్వాత జరిగిన గోల నేను వర్ణించలేను. తప్పు చేసినవాడే తప్పు కూడు ఆపడం మా ఊళ్ళో ఎవరూ వినలేదు, కనలేదు. వండిన కూర ఏం చెయ్యాలన్నది పెద్ద ధర్మసందేహమైపోయింది. పిల్లలకు తప్పేముంది, వాళ్ళకు పెట్టేద్దామని చివరికి తీర్మానించారు. పిల్లల పేరు చెప్పి ఇంటింటికీ గిన్నెలు వెళ్ళాయి, మూతలు పెట్టుకుని. ఆ సాయంత్రం ఊళ్ళో ఎవరూ పస్తున్నట్టు లేదు, మేము తప్ప.

ఊరికి ఇద్దరిమీదా కోపం వచ్చింది. ఒకడు తినలేదని, ఇంకొకడు తిననివ్వలేదని. క్వార్టర్లలో చెప్తే పక్కింటావిడ పప్పు చేట పక్కన పెట్టి, "ఆడు ఎర్రోడేటి? ఒగ్గేత్తామంటే ఒద్దంటాడేటి?" అని ఆశ్చర్యపోయింది. మా ఆయన మొదటిసారి ఏమీ తేల్చకుండానే డ్యూటీకి వెళ్ళాడు.

కేసు నడిచింది. కొన్నాళ్ళకు సుక్మా కోర్టులో ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించే గదికి పంపారు. అక్కడ ఇద్దరి మధ్యా కూర్చున్నది ఒక నడివయసు వకీలమ్మ. ఆవిడకు హిందీ తప్ప రాదు, మావాళ్ళకు మనసులో మాట హిందీలో రాదు. అందుకని నన్ను పిలిచారు. ఆ గదిలో పొయ్యి లేదు, వాసన లేదు, నవ్వించే అత్త లేదు. ఒక బల్ల, మంచినీళ్ళు, గోడ మీద గడియారం. ఇక్కడ ఏం రాజీ అవుతుంది, నా మొహం, అనుకున్నాను.

ఆవిడ మొట్టమొదట తమ్ముడి వైపు తిరిగి, మీకు ఇక్కడ కూర్చోవడం ఇష్టమేనా, లేకపోతే ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు అంది. అది తెలుగులో చెప్పాను. తమ్ముడు నన్ను వింతగా చూశాడు. లేవచ్చా అని మళ్ళీ అడిగాడు. లేవచ్చురా అన్నాను. వాడు కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చున్నాడు. ఎదురుగా ఉన్న స్నేహితుణ్ణి సూటిగా చూడటం దెబ్బ తగిలాక అదే మొదలు.

"ఆ పొద్దు అందరు తిందామన్నరు. నువ్వెందుకు ఆపినవ్?"

అతను బల్ల మీదున్న తమ్ముడి చేతిని చూస్తూ చెప్పాడు. "నేను కొట్టిన చెయ్యి గదా బావా. నువ్వు గుండీ పెట్టుకోలేక తిప్పలు పడుతాంటె దూరం నుంచి చూస్త. చేన్ల వంగుతాంటె చూస్త. ఊరంత మరిచిపోతె గూడ నాకు మరుపు రాలే. ముట్టుకుంటె తిన్నట్టే అని వాళ్ళన్నప్పుడు నాకు శానా భయమైంది. ఇంక దీని గురించి నేను ఎవ్వరితోని చెప్పుకోరాదు గదా అని."

దాన్ని హిందీలోకి మారుస్తూ నేను మధ్యలో ఆగిపోవలసి వచ్చింది. వకీలమ్మ తొందరపెట్టలేదు. నీళ్ళ గ్లాసు నావైపు జరిపింది.

వకీలమ్మ తమ్ముణ్ణి మెల్లగా అడిగింది, మరి ఇతన్ని క్షమించినట్టేనా అని. నేను తెలుగులో చెప్పాను. అంత చిన్న మాట ఇంత బరువుంటుందని అప్పటిదాకా నాకు తెలియదు. కాదంటే అతను జైలుకు వెళ్తాడు. అవునంటే అది మా తమ్ముడికి మళ్ళీ గొంతు దిగని ముద్దే.

"మాఫీ అని రాయొద్దని చెప్పక్కా" అన్నాడు తమ్ముడు. "పొద్దున లేస్తె ఈ చెయ్యి ఇట్లనే ఉంటది. రోజు కోపమొస్తది. రావద్దంటే నాతోని కాదు. గానీ వాడు జైలుకు పోవద్దు. నా పక్క చేన్ల ఉండొచ్చు. నా ముందట తిరగొచ్చు. గంతవరకు నాతోనైతది, గంతవరకు రాయమను."

ఊరు వాణ్ణి తినమంది, నేను వద్దని చెప్పమన్నాను. ఈ రెండింటి మధ్య మా తమ్ముడు నిలబడ్డ చోటు మా ఎవరికీ కనిపించలేదు. చెప్పింది చెప్పినట్టే వకీలమ్మకు హిందీలో చెప్పాను. ఆవిడ కలం పట్టుకుని, "అంటే కోపం ఇంకా ఉందన్నమాట" అంది.

"ఉంది మేడమ్. అది కూడా రాయండి" అన్నాను.